ఏడిస్తే విశ్వాసం తగ్గినట్టేనా?

ప్రశ్న: నా వయసు 39. గోదావరి జిల్లాల్లో ఒక చిన్న ఊరు మాది. మా నాన్నగారి కాలం నుంచి మేం బహాయిలం. నా భర్త పెళ్లయ్యాక తనంతట తానే ఈ ధర్మం స్వీకరించారు. అత్తగారు మాత్రం తన పూజలు, నోములు తాను చేసుకునేవారు. ఇంట్లో ఎప్పుడూ గొడవ రాలేదు. ఏడు నెలల క్రితం ఆయన గుండెపోటుతో పోయారు. ఆయన కోరుకున్నట్టే బహాయి పద్ధతిలో ఖననం చేశాం. ‘నా కొడుకుకు పిండం కూడా దక్కకుండా చేశావు’ అన్న అత్తగారు ఆ తర్వాత నాతో సరిగా మాట్లాడటం లేదు. బహాయి మిత్రులేమో ‘మరణం ఆనందదూత కదా, ఏడవకూడదు’ అంటారు. ప్రార్థన పుస్తకం తెరిస్తే రెండు వాక్యాలు దాటలేకపోతున్నాను. ఆదివారం పిల్లల తరగతి నడిపేదాన్ని, అదీ మానేశాను. పదకొండేళ్ల పాప నా ముందు వాళ్ల నాన్న మాటే ఎత్తడం లేదు. నా విశ్వాసంలోనే లోపం ఉందా?

జవాబు: లేదమ్మా. ఏడు నెలలుగా ఈ అనుమానాన్ని కూడా దుఃఖంతో పాటు మోస్తున్నారు. ముందు దాన్ని దించేయండి.

మరణాన్ని ఆనందదూతగా పంపానన్నది బహాయి ధర్మ స్థాపకుడు బహావుల్లా వచనమే. అది దుఃఖంలో ఉన్నవాళ్లకు ఊరటగా చెప్పినదే తప్ప కన్నీళ్ల మీద పెట్టిన నిషేధం కాదు. ఆ మాట చెప్పిన ఆయనే 1870లో, ఇప్పటి ఇజ్రాయెల్‌లో ఉన్న అక్కా నగరపు కారాగారంలో కన్నకొడుకును పోగొట్టుకున్నారు. 22 ఏళ్ల మీర్జా మిహ్దీ ఒక సాయంత్రం జైలు డాబా మీద ప్రార్థన చేసుకుంటూ నడుస్తూ, వెలుతురు కోసం వదిలిన కంతలోంచి కింద పడి మర్నాడు ప్రాణం విడిచారు. తల్లి నవ్వాబ్ తల్లడిల్లిపోతే బహావుల్లా ఆమెను దగ్గరుండి ఓదార్చారు. ఆమె విశ్వాసాన్ని శంకించలేదు.

ఇంకొకరి సంగతి మీకు మరింత దగ్గరగా ఉంటుంది. బహావుల్లా పెద్దకొడుకు, ఆయన తర్వాత ధర్మాన్ని నడిపించిన అబ్దుల్-బహా 1921 నవంబరులో హైఫాలో కన్నుమూసేనాటికి మనవడు షోగీ ఎఫెండీ ఇంగ్లండులో చదువుకుంటున్నారు. వయసు 24. లండన్‌లో ఒక మిత్రుడి కార్యాలయానికి వెళ్తే, తాతగారు పోయారన్న టెలిగ్రాం బల్ల మీద కనిపించింది. చదివి అక్కడే కుప్పకూలారు. కొన్ని రోజులు మంచం దిగలేదు. ధర్మ సంరక్షకుడిగా మొత్తం సమాజం బాధ్యత మీద పడ్డాక కూడా దుఃఖం ఆయనను వదల్లేదు. 1922లో ఆ పనులన్నీ తాతగారి చెల్లెలు బహియ్యా ఖానుంకు అప్పగించి స్విట్జర్లాండ్ కొండల్లోకి వెళ్లిపోయారు. నెలల తరబడి అక్కడే ఉండి డిసెంబరులో తిరిగొచ్చి, మరో ముప్పై అయిదేళ్లు ఆ బాధ్యత మోశారు. అంతటి మనిషికే అంత సమయం పట్టినప్పుడు మీ ఏడు నెలలను ఎవరు తప్పుపట్టగలరు? అందుకే ఆదివారం తరగతిని ప్రస్తుతానికి మరొకరికి అప్పగించండి. అది బాధ్యతను వదిలేయడం కాదు. పిల్లల మధ్య కూర్చోవాలనిపించిన రోజున వెళ్లి వెనక కూర్చోండి.

రెండు వాక్యాలు దాటడం లేదన్నారు. తప్పనిసరి ప్రార్థనల్లో చిన్నది, మధ్యాహ్నం నుంచి సూర్యాస్తమయంలోగా చేసేది, మొత్తం కలిపినా మూడు నాలుగు వాక్యాలే. అందులో మనిషి దేవుడి ముందు ఒప్పుకునేది ఏమిటి? తన నిస్సహాయతను, తన లేమిని. ఈ రోజుల్లో ఆ మాటలు మీకంటే నిజాయితీగా ఎవరు పలకగలరు? ముఖం, చేతులు కడుక్కుని ఆ కాస్త చదవండి చాలు. పెద్ద ప్రార్థనల కోసం మనసుకు నచ్చిన స్నేహితురాలిని ఒకరిని సాయంత్రం ఇంటికి పిలవండి. ఆమె చదువుతుంది, మీరు వింటారు. మధ్యలో ఏడుపొస్తే ఏడవండి. లోపలి బలం ఏడుపు మానడంలో ఉందని నేను అనుకోను. ఏడుస్తూ కూడా రేపు మళ్లీ ఆ నాలుగు వాక్యాల దగ్గరికి రావడమే బలం.

ఇక అత్తగారు. ఆవిడ కోపం వెనక కడుపుకోత ఉంది. కొడుకును ఏ మంత్రమూ లేకుండా ఉత్తచేతులతో సాగనంపారని ఆవిడ బాధ. ఆ రోజు ఏం చదివారో ఎవరైనా ఆవిడకు చెప్పారా? బహాయిలు కలిసి నిలబడి ఒకరు చదవగా వినే ప్రార్థన, ఖననానికి ముందు చదివే ఆ మృతుల ప్రార్థన ఒక్కటే. ‘మేమందరం దేవుణ్ణి ఆరాధిస్తాం’ అని మొదలై, ఆయన యందు సహనం వహిస్తాం అని ముగిసే ఆరు వాక్యాలు, ఒక్కొక్కటి 19 సార్లు. ఆవిడ పక్కన కూర్చుని ఆ ఆరూ తెలుగులో నెమ్మదిగా చదివి వినిపించండి. ఖననం మంచిదా, దహనం మంచిదా అన్న వాదనలోకి మాత్రం దిగకండి.

బతికున్నవాళ్లు చేసే ప్రార్థనలు, దానధర్మాలు పోయినవారి ఆత్మ పురోగతికి తోడ్పడతాయని మీ ధర్మమూ చెబుతుంది. ఆవిడ పిండం గురించి పడే తపనలో ఉన్నదీ దాదాపు ఇదే నమ్మకం. సంవత్సరీకం తిథి ఇంకో అయిదు నెలల్లో వస్తుంది. ఆ రోజు ఏం చేద్దామని మీరే ముందుగా అడగండి. ఆయనకిష్టమైన కూర ఆవిడ చేత్తోనే వండించి, ఆయన పేరున పదిమందికి అన్నం పెట్టించండి. తర్పణం వదులుతానంటే ఆపకండి. మీరు చేయనక్కర్లేదు, అడ్డు చెప్పనూ అక్కర్లేదు.

పాప తండ్రి పేరెత్తనిది మరిచిపోయి కాదు, అమ్మ ఏడుస్తుందని. మీరే ముందు ఆయన సంగతులు చెప్పండి. నాన్న ఎక్కడున్నారని అడిగితే మీ గ్రంథాల్లోని పోలికే చెప్పవచ్చు. కడుపులో ఉన్న బిడ్డకు కళ్లు, కాళ్లు ఎందుకు వస్తున్నాయో అక్కడ తెలియదు, పుట్టాకే తెలుస్తుంది. నాన్న అలా ఇంకో లోకంలోకి వెళ్లారని చెప్పండి.

చివరిగా ఒక మాట. నిద్ర, తిండి వారాల తరబడి లేకపోయినా, ఆయన దగ్గరికి వెళ్లిపోవాలన్న ఆలోచన వచ్చినా అదే రోజు ఎవరితోనైనా చెప్పండి. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ ‘టెలి మానస్’ సలహాదారులు ఏ వేళనైనా, ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు. జబ్బు చేస్తే మంచి వైద్యుణ్ణి సంప్రదించమని బహావుల్లాయే ఆదేశించారు. వైద్యుడి దగ్గరికి వెళ్తే ప్రార్థన మీద నమ్మకం పోయినట్టు కాదు. మీ ఊరి బహాయిలు ఎన్నుకునే స్థానిక ఆధ్యాత్మిక సభలోని తొమ్మిది మందిలో మీకు చనువున్న ఒక్కరికైనా ఈ ఉత్తరంలో రాసినదంతా చెప్పి, ఆసుపత్రికి తోడు రమ్మని అడగండి.