హైదరాబాద్ – డల్లాస్: టికెట్ మీద పన్నెండు గంటలేగా అనుకోకండి

తెల్లవారుజామున 4.20కి హైదరాబాద్‌లో ఎక్కి, అదే రోజు సాయంత్రం 4.20కి డల్లాస్‌లో దిగుతున్నట్టు టికెట్ మీద కనబడగానే కొత్తవాళ్ళు తెగ మురిసిపోతారు. టికెట్ మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు. ఎండాకాలంలో డల్లాస్ మనకంటే పదిన్నర గంటలు వెనక. అది కలిపితే ఇరవై రెండున్నర గంటలు: దుబాయ్‌కి 4, అక్కడ ఆగేది రెండున్నర, దుబాయ్ నుంచి డల్లాస్‌కి సుమారు 16. నవంబరు మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా తేడా పదకొండున్నర.

తిన్నగా కొలిస్తే దూరం దాదాపు 14,400 కిలోమీటర్లు, ఆ దారి ఇంచుమించు ఉత్తర ధ్రువం మీదుగా పోతుంది. నెట్‌లో దాన్ని గంటకు 900 కిలోమీటర్ల వేగంతో భాగించి పదహారు గంటలని చూపిస్తారు. నేరుగా వెళ్ళే విమానమే లేనప్పుడు ఆ లెక్క ఎందుకు? దుబాయ్ మీదుగా 15,500 దాకా అవుతుంది, అంటే పెరిగేది వెయ్యి పైచిలుకే. టైమంతా పోయేది దిగి, ఎక్కడంలో. తిరుగు ప్రయాణంలో గాలి వెనకనుంచి తోస్తుంది కాబట్టి డల్లాస్ నుంచి దుబాయ్ విమానం గంటో గంటన్నరో ముందే చేరుతుంది.

12వ తేదీ 4.20 అంటే 11 రాత్రే ఇల్లు వదలాలి. ఇంత చదువుకున్నవాళ్ళూ 12 రాత్రి అనుకుని ఇక్కడే బోల్తా పడతారు, టికెట్ డబ్బు చాలావరకు పోవచ్చు. అలాగే సోమవారం సాయంత్రం డల్లాస్‌లో ఎక్కినవాళ్ళు హైదరాబాద్‌లో దిగేది బుధవారం తెల్లవారుజామున. తీసుకెళ్ళడానికి వచ్చే నాన్నగారికి ఫోన్‌లో ‘మంగళవారం రాత్రికే ఎయిర్‌పోర్టుకి బయల్దేరండి’ అని చెప్పండి.

ఇక అసలు డబ్బులు పోయేది విడి టికెట్ల దగ్గర. దుబాయ్ దాకా ఒకటి, అక్కణ్ణుంచి ఇంకొకటి కొంటే చవగ్గా కనబడుతుంది. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పితే ఆ రెండో కంపెనీకి పూచీ లేదు, అప్పటికప్పుడు కొత్త టికెట్ కొనాల్సిందే. బ్యాగుల కథ ఇంకోటి: అమెరికా టికెట్‌కి సాధారణంగా 23 కిలోల చొప్పున రెండు పెట్టెలిస్తారు, విడిగా కొన్న చిన్న టికెట్‌కి అంత ఇవ్వరు, తూకం దగ్గరే అదనపు డబ్బు కట్టిస్తారు. మిగిలిందనుకున్నది అక్కడే ఆవిరి. రెండు విమానాలూ ఒకే పీఎన్ఆర్ (బుకింగ్ నంబరు) మీద తీసుకోండి, పదివేలు ఎక్కువైనా సరే.

న్యూయార్క్‌లాంటి చోట దిగి డల్లాస్ విమానం మారేట్టయితే కనీసం మూడు గంటలు పెట్టుకోండి. ఇమిగ్రేషన్ మొదట దిగిన ఊళ్ళోనే. ట్యాగు మీద డీఎఫ్‌డబ్ల్యూ (డల్లాస్ ఎయిర్‌పోర్టు కోడ్) అని ఉన్నా, మామూలుగా బ్యాగులు అక్కడ బెల్టు మీంచి తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్ళీ అప్పగించాలి. గంటన్నర కనెక్షన్ చవకని కొంటే ఆ క్యూలోనే విమానం వెళ్ళిపోతుంది. అబుదాబి మీదుగా వస్తే అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే అయిపోతుంది, దానికీ టైము ఉంచుకోవాలి. ట్రాన్సిట్ వీసా సంగతులు ఆయా దేశాల సైట్లలో ఉన్నాయి, చూసుకోండి.

హైదరాబాద్ కౌంటర్ వదిలేముందు బోర్డింగ్ పాసులు రెండూ చేతికొచ్చాయా, పాసు వెనక అంటించే బ్యాగు చీటీలో చివరి ఊరు డీఎఫ్‌డబ్ల్యూయేనా అని చూసుకోండి. దుబాయ్ అని ఉంటే అక్కడే నిలబడి మార్పించుకోండి.