ప్రార్థించినా ఏమీ అనిపించని రోజుల్లో

మనసు అల్లకల్లోలంగా ఉంది, రోజూ ప్రార్థిస్తున్నా ఏమీ అనిపించడం లేదు, నాలో భక్తి చచ్చిపోయిందా, ఇలాంటప్పుడు దేవుడి మీద ఆశ ఎలా పెట్టుకోవాలి అని అడిగారు. భక్తి సంగతికి ముందు జవాబు చెబుతాను. చచ్చిపోలేదు. చచ్చిపోయి ఉంటే మీకు ఈ దిగులే పుట్టేది కాదు.

నా సంగతి చెబుతాను. పెళ్లి విడిపోయిన తరువాతి కాలమది. పగలు పనిలో పడి ఎలాగో నెట్టుకొచ్చేదాన్ని. తెల్లవారుజామున మూడు గంటల వేళ మాత్రం ఉలిక్కిపడి మెలకువ వచ్చేది. గుండె దడ, అరచేతుల్లో చెమట. చిన్నప్పటి నుంచి నోటికి వచ్చిన స్తోత్రమే అయినా, మొదలుపెట్టి మూడో పాదం చేరేసరికి ధ్యాస కోర్టు కాగితాల మీదికి వెళ్లిపోయేది. పెదవులు వాటి మానాన అవి కదులుతూ ఉండేవి. శాంతి రాకపోగా, ‘చూశావా, నీకిది కూడా చేతకాదు’ అని లోపలినుంచి ఎవరో దెప్పిపొడిచినట్టు ఉండేది.

దానికి తోడు చుట్టూ ఉన్నవాళ్ల ఓదార్పు. అంతా ఆయన లీల అని ఒకరు, పూర్వజన్మ కర్మ అని ఇంకొకరు, నిజంగా నమ్మకముంటే ఈ ఏడుపెందుకని మరొకరు. చెడ్డ మనసుతో అన్నవాళ్లు లేరు, అది ఒప్పుకోవాలి. కానీ ఏడుస్తున్న మనిషికి నీ భక్తి చాలలేదని తీర్పు చెప్పడం పుండు మీద కారం చల్లడమే. మీకూ ఇలాంటివి ఎదురవుతాయి. వాదనకు దిగకండి, దానికి కావలసిన ఓపిక ఇప్పుడు మీ దగ్గర ఉండదు. తల ఊపి పక్కకు తప్పుకోండి.

నాకు కాస్త ఊపిరి ఆడింది ఒక పాత నోటుపుస్తకం వల్ల. ఒక రాత్రి స్తోత్రం మధ్యలో ఆపేసి, దాని చివరి పేజీలో దేవుడికి రాశాను: ‘ఇవాళ కూడా నిద్ర లేదు. నీకు తెలుసా? తెలిస్తే ఊరకే ఎందుకున్నావు?’ కలం ఎంత గట్టిగా నొక్కానంటే అక్షరాలు వెనక వైపు బొబ్బల్లా తేలాయి. అద్భుతమేమీ జరగలేదు, ఆ రాత్రి నిద్రా పట్టలేదు. కానీ స్తోత్రంలో ఎంత పిలిచినా నిలవని మనసు ఆ మూడు వాక్యాల్లో మొత్తం ఉంది. ఆ తరువాత చాలాకాలం నా ప్రార్థన అదే. కొన్ని రోజులు ఒక్క వాక్యం, కొన్ని రోజులు తిట్లు, కొన్ని రోజులు తేదీ వేసి ఖాళీగా వదిలేసిన పేజీ.

దేవుణ్ణి నిలదీయడం పాపం కాదా అని భయమేస్తే గజేంద్రుణ్ణి తలచుకోండి. మొసలి పట్టులో చిక్కి, సొంత బలమంతా అయిపోయాక దేవుణ్ణి పిలుస్తాడు. ఆ పిలుపు మధ్యలోనే, ఉన్నాడు ఉన్నాడంటారే, అసలు ఉన్నాడో లేడో అని అనుమానపడతాడు. పోతన ఆ అనుమానాన్ని దాచలేదు, మనం ఆ పద్యాన్నే పిల్లల చేత కంఠతా పట్టిస్తాం. అనుమానించాడు కదా అని విష్ణువు ఆలస్యం చేయలేదు, పక్కనున్న లక్ష్మికైనా చెప్పకుండా బయలుదేరాడు. బైబిలులోని 150 కీర్తనల్లోనూ మొర పెట్టుకునేవి, ఇంకా ఎంతకాలమని అడిగేవి చాలా ఉన్నాయి. 88వ కీర్తన అయితే చీకటి మాటతోనే ముగుస్తుంది. దానికి ఒక సంతోషకరమైన చివరి వాక్యం అతికించాలని ఇన్ని వందల ఏళ్లలో ఎవరికీ అనిపించలేదు. నాకు అన్నిటికన్నా ఓదార్పునిచ్చిన కీర్తన అదే అంటే కొందరు వింతగా చూస్తారు.

ఇక ఆశ గురించి. మొదట్లో నా ఆశంతా ఒక ఫలితం మీద ఉండేది: ఇల్లు మళ్లీ నిలబడాలి. నిలబడలేదు. ఆ ఆశ పోయినప్పుడు దేవుడు కూడా పోయినట్టే అనిపించింది. మెల్లగా, ఎప్పుడని చెప్పలేను, నేను అడిగేది మారింది. ఈ గంట గడిచేదాకా నాతో ఉండు అని అడగసాగాను. ఇది చిన్న కోరికలా కనిపిస్తుంది కానీ మూడు గంటల వేళ చాలా పెద్దది. ఆ గంట గడిచేది. కిటికీ అవతల వెలుగు వచ్చేసరికి, తోడుగా ఎవరో కూర్చుని వెళ్లినట్టు అనిపించిన రోజులు కొన్ని ఉన్నాయి. అనిపించని రోజులే ఎక్కువ. ఆ కొన్నిటితోనే నెట్టుకొచ్చాను.

అసలు నోరు పెగలని రోజుల్లో మా పిన్ని పక్కన కూర్చుని తన ప్రార్థన తాను చేసుకునేది. నన్ను గొంతు కలపమని ఒక్కసారీ అడగలేదు. ఆ గొంతు వింటూ కూర్చునేదాన్ని, అంతే. మీకూ అలాంటి మనిషి ఒకరుంటే అడగడానికి మొహమాటపడకండి. పెద్ద పెద్ద మొక్కులు మాత్రం ఈ స్థితిలో మొక్కుకోవద్దని నా సలహా. తీర్చలేకపోతే ఉన్న దిగులుకు అపరాధభావం తోడవుతుంది.

ఒక విషయం మీద నాకు గట్టి పట్టుదల ఉంది: ప్రార్థిస్తున్నాం కదా అని ఒంటికి కావలసిన తిండీ నిద్రా మందూ మానకూడదు. ప్రవక్త ఏలీయా ప్రాణం విసిగి, ఇక చాలు, చావు ఇవ్వమని ఒక చెట్టు కింద పడి నిద్రపోతాడు. బైబిలులోని మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయంలో ఉంటుందిది. దేవదూత వచ్చి ఉపదేశమేమీ చేయడు. తట్టి లేపి, తినమంటాడు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు ఉంటాయి. తిని మళ్లీ పడుకుంటాడు. రెండోసారి లేపి మళ్లీ తినిపించాకే 40 రోజుల నడక, ఆ తరువాతే దేవుడితో మాటలు. నేను డాక్టరు దగ్గరకు వెళ్లి మందులు మొదలుపెట్టినప్పుడు, దేవుణ్ణి నమ్మేవాళ్లకు మాత్రలెందుకని బంధువు ఒకాయన అడిగారు. ఆయనకు ఈ కథే చెప్పాను. కోపగించుకున్నారు. మాత్రలు ఆపలేదు, నోటుపుస్తకమూ ఆపలేదు.

దిగులు, దేని మీదా ఆసక్తి లేకపోవడం, నిద్రా ఆకలీ దెబ్బతినడం ఇవన్నీ దాదాపు ప్రతి రోజూ ఉంటూ రెండు వారాలు దాటితే డాక్టరుకు చూపించుకోవాలి. చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా రేపటిదాకా ఆగకండి. ఈ రాత్రే నమ్మకమైన ఒక మనిషికి ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పి, పక్కన ఉండమనండి.

సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్లయిందో మీరు రాయలేదు. వీలైతే అది చెప్పండి, అక్కడినుంచి మాట్లాడుకుందాం.