గీత రాడ్ మీద ఉంటే సీల్ కిట్ ఏం చేస్తుంది?

ప్రశ్న: చీమకుర్తి దగ్గర గ్రానైట్ క్వారీలో నాకు ఒక ప్రొక్లెయిన్ ఉంది. బకెట్ సిలిండర్ రాడ్ మీద నిలువునా జానెడు గీత పడింది. రెండు నెలల్లో మూడుసార్లు సీల్ కిట్ (ఆయిల్ బయటికి రాకుండా ఆపే వలయాల సెట్టు) మార్పించాను. వారం తిరగకుండానే మళ్లీ ఆయిల్ కారుతోంది. గీత మీద వెల్డింగ్ పెట్టి సానపడితే చాలని ఒక మేస్త్రి, కొత్త రాడ్ వేయాల్సిందేనని ఇంకొకాయన అంటున్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకుడు, ప్రకాశం జిల్లా

జవాబు: మూడు కిట్లు వృథాగా పోయాయని చదివి బాధనిపించిందండీ. నాగలి చాలు తీసినప్పుడు మట్టి రెండుపక్కలా గట్టు కడుతుంది కదా, రాడ్ మీద గీత పడినా అంతే. లేచిన ఆ ఇనుప గట్టు రాడ్ లోపలికి వెళ్లిన ప్రతిసారీ సీల్‌ను కోస్తుంది. పైగా మీది నిలువు గీత. ఆయిల్‌కు అది తవ్విపెట్టిన కాలువ. కాబట్టి ముందు రాడ్ బాగుపడాలి, ఆ తర్వాతే సీల్.

వెల్డింగ్ మాత్రం వద్దు. సీల్ నడిచే చోట అంత వేడి తగిలితే చుట్టూ ఉన్న ఉక్కు పెళుసెక్కి పగులు మొదలవుతుంది, రాడ్ వంకరపోతుంది. రాడ్ మీది క్రోమ్ పూతపై వెల్డింగ్ చేస్తే వచ్చే పొగ కూడా విషమే. రాడ్ చివర పిన్ను దూర్చే కన్ను దగ్గర వెల్డింగ్ మామూలే, అది వేరే సంగతి.

పని మొదలెట్టే ముందు బకెట్ నేల మీద ఆనించి, ఇంజిన్ ఆపి, లీవర్లు అటూ ఇటూ కదిపి ఒత్తిడి దించండి. ఆయిల్ ఎక్కడ కారుతోందో ఎప్పుడూ చేత్తో తడమకండి, అట్టముక్క పెట్టి చూడండి. ఈ మిషన్లలో ఒత్తిడి 300 బార్ దాటుతుంది. సన్నటి ధారగా చిమ్మే ఆయిల్ చర్మంలోకి దూరిపోతుంది. అలా జరిగితే నొప్పి లేకపోయినా ఆ క్షణమే ఆస్పత్రికి పరుగెత్తాలి.

ఇప్పుడు రాడ్‌ను శుభ్రంగా తుడిచి, గీతకు అడ్డంగా గోరు నడపండి. గోరు ఆగకపోతే అదృష్టమే. సన్నరకం ఆయిల్ స్టోన్‌కు నూనె రాసి ఆ గట్టును మాత్రం మెల్లగా దించండి. తర్వాత 600 నంబరు వాటర్ పేపరును పట్టీలా చింపి, కవ్వానికి తాడు చుట్టి చిలికినట్టు రాడ్ చుట్టూ తిప్పి లాగండి. పని నేర్చుకునే రోజుల్లో నేను ఒక రాడ్‌ను పొడవునా రుద్దాను. నున్నగా మెరిసింది, సాయంత్రానికి లీకేజీ రెట్టింపైంది. పేపరు తీసిన ప్రతి సన్నగీతా ఆయిల్‌కు దారైంది. మా గురువుగారు పక్కన నిలబడి మొత్తం అడ్డంగా మళ్లీ చేయించారు. ఆకురాయి జోలికి అసలు పోకండి. ఇలాంటి రాడ్ల మీద క్రోమ్ మామూలుగా 20, 30 మైక్రాన్లే ఉంటుంది, తల వెంట్రుకలో సగం మందం కూడా లేదన్నమాట.

గోరు ఆగినా గీత సన్నంగా ఉంటే, గట్టు దించాక ఉక్కుపొడి కలిసిన రెండు భాగాల ఎపాక్సీ జిగురుతో పూడ్చవచ్చు. గుడ్డకు మరక అంటనంత వరకు ఎసిటోన్‌తో తుడవండి. కాస్త వెచ్చజేస్తే గీతలో దాగిన నూనె మళ్లీ ఊరుతుంది, దాన్నీ తుడవండి. ఇక్కడ తొందరపడితే ఎపాక్సీ ఊడిపోతుంది. ఒకరోజు పూర్తిగా ఆరనిచ్చి, ఆయిల్ స్టోన్‌తో రాడ్ మట్టానికి తేవాలి. చేతిలో ఉన్న పని గట్టెక్కడానికే ఈ ఏర్పాటు, శాశ్వతం అనుకోవద్దు.

గీత లోతుగా ఉన్నా, క్రోమ్ లేచి కింద తుప్పు కనిపిస్తున్నా రాడ్ విప్పక తప్పదు. ముందు డయల్ గేజీతో (సన్నటి వంకరను కూడా ముల్లుతో చూపే కొలత పరికరం) వంకర ఉందేమో చూపించండి. వంకర లేకపోతే పాత క్రోమ్ తీసి, గ్రైండింగ్ చేసి, హార్డ్ క్రోమ్ ఎక్కించి మళ్లీ అసలు సైజుకే గ్రైండింగ్ చేస్తారు. తెచ్చుకునేటప్పుడు మైక్రోమీటరుతో మీ ఎదుటే కొలిపించండి. సైజు తగ్గిన రాడ్‌కు ఎంత మంచి సీల్ వేసినా నిలవదు.

మీ ఉత్తరంలో నాకు అసలు అనుమానం వేరు. జానెడు నిలువు గీత రాయి తగిలి ఒక్క దెబ్బకు పడటం అరుదు. గ్రానైట్ దుమ్ములో డస్ట్ సీల్ (దుమ్ము లోపలికి పోకుండా ఆపేది) చిరిగి, రాతి పలుకో ఇనుప రజనో గ్లాండ్ బుష్‌లో, అంటే సిలిండర్ మూతి దగ్గర రాడ్‌ను పట్టి నడిపించే మూత లోపలి వలయంలో, గుచ్చుకుని కూర్చుందేమో. అదక్కడే ఉంటే రాడ్ కొత్తదైనా ఒక్కరోజులో గీత పడుతుంది. నాలుగో కిట్ కొనేముందు గ్లాండ్ విప్పించి, బుష్ లోపల వెలుతురు వేసి చూడండి. ఏదైనా గుచ్చుకుని ఉంటే బుష్ మార్పించి, అప్పుడే రాడ్ పనికి పంపండి.