ఆలుమగల మధ్య కూర్చునే చదువు

బెంగళూరు మారతహళ్ళి నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరానికి ఇది జవాబు. వారి స్వస్థలం నెల్లూరు. కుమార్తె బీఏ సైకాలజీ చివరి సంవత్సరంలో ఉంది, దంపతులకూ కుటుంబాలకూ చికిత్స చేసే సిస్టమిక్ ఫ్యామిలీ థెరపిస్ట్ కావాలంటోంది. ఆన్‌లైన్‌లో ఆరు వారాల సర్టిఫికెట్ చాలునా, ఇక్కడే క్లినికల్ సైకాలజీలోనో సోషల్ వర్క్‌లోనో చేర్చాలా, లేక బ్రిటన్ పంపాలా అన్నది ఆ తల్లి ప్రశ్న. పెళ్ళి కాని పిల్ల ఇతరుల కాపురాలు ఏం చక్కదిద్దుతుందన్నది ఆమె సందేహం. ఉత్తరం చివర, సంతకానికి పైన, ఒక వాక్యం ఇరికించి రాశారు: "ఈ మధ్య మేమిద్దరం మాటామాటా అనుకుంటుంటే మమ్మల్నే పరీక్షగా చూస్తోంది, మా అన్నయ్య ఇల్లు వదిలి ఎందుకు వెళ్ళాడని కూడా అడిగింది."

అమ్మా, ముందుగా పెళ్ళి సంగతి. ముప్పై ఏళ్ళు కాపురం చేసిన అనుభవమే అర్హత అయితే మన ఊళ్ళలో పెద్దమనుషులు కూర్చోబెట్టి సర్దిచెప్పిన ప్రతి జంటా ఈపాటికి సుఖంగా ఉండాలి. పెద్దమనిషి తప్పెవరిదో తేల్చి తీర్పు చెబుతాడు, అబ్బాయి తరఫునో అమ్మాయి తరఫునో వచ్చి కూర్చుంటాడు. థెరపిస్ట్ ఆ పని చేయకూడదు. ఇటలీలోని మిలాన్‌లో మారా సెల్విని పలజోలి, ఆమె సహచరులు 1980లో ప్రకటించిన వ్యాసం ఈ రంగానికి మూడు సూత్రాలు చెప్పింది, వాటిలో ఒకటి తటస్థత. అది వయసుతోనో మంగళసూత్రంతోనో వచ్చేది కాదు, సీనియర్లు పక్కన ఉండి తప్పులు దిద్దుతుంటే ఏళ్ళ తరబడి అలవడేది.

సిస్టమిక్ అన్న మాట మీకు కొత్తగా తోచవచ్చు గాని విషయం మనకు కొత్త కాదు. మన ఇళ్ళలో అలక అనేది ఒకటుంది కదా. ఒంటరిగా ఉన్నవారు అలగలేరు, గమనించేవారు, బతిమాలేవారు, "నీ వల్లే" అని మూడోవారి మీద విసుక్కునేవారు ఉంటేనే అలక సాగుతుంది. అన్నం మానేసి పడుకున్న కోడలిని ఒక్కదాన్నే పిలిచి ఆమె మనసులో ఏముందని అడగడం ఒక పద్ధతి. "ఆమె తలుపు వేసుకున్నప్పుడు ముందు లేచి వెళ్ళేది ఎవరు? వారు వెళితే అత్తగారు ఏం చేస్తారు? అప్పుడు మీ అబ్బాయి ఎటు చూస్తాడు?" అని అందరినీ కూర్చోబెట్టి అడగడం సిస్టమిక్ పద్ధతి. ఈ ప్రశ్నలు తెలుగు ఇంటివారిని తెలుగులో అడగగలగడం బెంగళూరులో మీ అమ్మాయికి చేతికొచ్చిన ఆస్తి అని నా నమ్మకం, ఎందుకంటే ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడే జంట కూడా పోట్లాడుకునేది మాతృభాషలోనే.

ఇక ఆ సర్టిఫికెట్ గురించి నాకున్న అనుమానాలను దాచను. రీల్స్‌లో కనిపించే కపుల్స్ థెరపీకి ఇప్పుడు మంచి గిరాకీ ఉంది, నేర్పుతామనేవారికి అంతకంటే ఎక్కువ గిరాకీ ఉంది. అటువంటి కోర్సు పూర్తి చేసి గది అద్దెకు తీసుకున్న ఒక యువకుడు కొంతకాలం క్రితం నన్ను కలిశాడు. మొదటి జంటలో భార్య ఒక్క ప్రశ్నకూ నోరు తెరవలేదని, ప్రతిసారీ ముందు భర్త ముఖం చూసిందని, తాను దానిని బిడియం అనుకున్నానని చెప్పాడు. ఆమెను విడిగా కూర్చోబెట్టి ఇంట్లో చేయి చేసుకోవడం ఉందా అని అడగాలన్న సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. హింస ఉన్న చోట ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడిస్తే, ఆ గదిలో ఆమె చెప్పిన నిజానికి ఇంటికి వెళ్ళాక ఆమే మూల్యం చెల్లించవలసి రావచ్చు. పుస్తకం చదివి పరీక్ష రాస్తే ఇది రాదు. ఆ కోర్సుకు డబ్బు కట్టకండి.

మన దేశంలో ఫ్యామిలీ థెరపిస్ట్ అని విడిగా లైసెన్సు లేదు. కాబట్టి ముందు చట్టం గుర్తించిన ఒక వృత్తిలో నిలదొక్కుకోవాలి, ఆపైన ఈ శిక్షణ. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం క్లినికల్ సైకాలజిస్టులనూ, మానసిక రోగులతోనూ వారి కుటుంబాలతోనూ పనిచేసే సైకియాట్రిక్ సోషల్ వర్కర్లనూ గుర్తిస్తుంది. ఆమె మనసు కుటుంబాల మీదే ఉంటే నేను రెండో దారికే మొగ్గుతాను: ఎంఎస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌లో పీజీ, తరువాత సైకియాట్రిక్ సోషల్ వర్క్. మీ బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో కుటుంబ చికిత్సకే ఒక ప్రత్యేక కేంద్రం ఉంది. చెన్నై మీకు దూరం కాదనుకుంటే ఎగ్మూరులో 1952లో మొదలైన మద్రాస్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్ ఉంది. ఈ వృత్తులకు పీజీ తరువాత చదివే ఎంఫిల్‌ను యూజీసీ 2022 నిబంధనలతో ఎత్తివేసి, ఈ రెండు విభాగాలకు మాత్రం 2025-26 వరకు గడువు పెంచింది గనుక, చేరే ఏడాది నోటిఫికేషన్‌లో కోర్సు పేరేమిటో చూసుకోండి. బ్రిటన్ ఆలోచన ఇప్పుడు వద్దు, అక్కడ కూడా ఇది సాధారణంగా నర్సులు, సోషల్ వర్కర్లు, సైకాలజిస్టులు తమ వృత్తిలో కుదురుకున్నాక దాదాపు నాలుగేళ్ళు చేసే శిక్షణే. ఆసుపత్రులు, డీఅడిక్షన్ కేంద్రాలు, 1984 చట్టం కింద ఏర్పడిన ఫ్యామిలీ కోర్టులు, కంపెనీల కౌన్సెలింగ్ విభాగాలు పని ఇస్తాయి. మొదట్లో జీతం తక్కువే. పక్క ఫ్లాట్‌లోని ఐటీ పిల్లతో పోల్చి ఆమెను చిన్నబుచ్చకండి.

మీరు ఇంత దూరం రాసింది కోర్సు కోసం కాదని నాకనిపిస్తోంది. పిల్ల మనల్ని తూకం వేస్తోందేమోనన్న భయం ఆ చివరి వాక్యంలో ఉంది. కొంచెం కటువుగానే అంటున్నాను, మన్నించండి: ఇరవై ఏళ్ళుగా ఆమె మీ గొడవలను చూస్తూనే ఉంది, ఇప్పుడు చూస్తున్నట్టు మీకు తెలిసింది, అంతే. ఈ చదువులో మూడు తరాల కుటుంబ చిత్రం గీయిస్తారు. మగవారికి చతురస్రం, ఆడవారికి వృత్తం, పెళ్ళికి అడ్డగీత, తగవుకు వంకరగీత. పరాయి ఇళ్ళ జోలికి వెళ్ళేముందు విద్యార్థి తన ఇంటి బొమ్మే గీసుకుని, తనకు ఎవరి మీద కోపం ఉందో, ఎవరి పక్షం వహించే అలవాటు ఉందో సూపర్‌వైజర్ ముందు పెట్టాలి. ఆమె మీ అన్నగారి గురించి అడగడం మీమీద విచారణ కాదు. ఆ బొమ్మలో మీ పక్కన ఒక చతురస్రం ఖాళీగా ఉంది. ఈ ఆదివారం ఆమెను కూర్చోబెట్టుకుని ఆయన పేరు, పుట్టిన సంవత్సరం చెప్పండి, మిగిలినది మీకు చెప్పబుద్ధి అయినప్పుడు చెప్పవచ్చు.