ఆక్సిన్ అనే మొక్కల హార్మోన్ ఇస్తే పెసర మొలకలో డీఎన్ఏ తయారీ పెరుగుతుందా, తగ్గుతుందా?

తగ్గుతుందని రికార్డులో ఎర్ర సిరాతో గీత కొట్టి మరీ రాసినవాణ్ణి నేను. అందుకే జవాబు రాయాలనిపించింది.

2004లో తిరుపతిలో ఎమ్మెస్సీ బాటనీ చదువుతున్నాం. గాంధీ రోడ్డులో కిలో పెసలు కొని, చీకటి బీరువాలో తడిగుడ్డ మీద మొలకెత్తించాం. తెల్లగా సాగిన కాడల్ని బ్లేడుతో సెంటీమీటరు ముక్కలుగా కోసి, సగం ఉత్త చక్కెర నీళ్ళలో, సగం ఆక్సిన్ కలిపిన చక్కెర నీళ్ళలో వేశాం. తెల్లారేసరికి ఆక్సిన్ ముక్కలు ఎంత సాగాయంటే, స్కేలు అక్కర్లేకుండా కంటికే తెలుస్తోంది. రెంటిలోంచీ సరిగ్గా ఒక్కో గ్రాము తూచి నూరి, డీఎన్ఏ విడదీసి, డైఫినైలమీన్ పోసి మరిగే నీళ్ళలో పెట్టాం. డీఎన్ఏ ఉంటే నీలం రంగు వస్తుంది. (మధ్యలో కరెంటు పోయింది. ఆ రోజుల్లో ఏ ప్రయోగంలో పోలేదు గనక!) చూస్తే ఆక్సిన్ గొట్టంలోనే రంగు పలచన.

మేడం రికార్డు చూసి, "ఏం నాయనా, గ్రాముకి ఎన్ని ముక్కలు తూగినాయి?" అన్నారు. మేం లెక్కపెట్టలేదు. మళ్ళీ చెయ్యమన్నారు. మిగిలిన పెసలు అప్పటికే ఉప్పూ నిమ్మరసంతో హాస్టల్లో అయిపోయాయి, మళ్ళీ గాంధీ రోడ్డుకి పరుగు. ఈసారి మామూలువి గ్రాముకి 36 ముక్కలు తూగితే, ఆక్సిన్‌వి 25కే గ్రాము నిండింది. ముక్కకి ఎంత అని లెక్కేస్తే డీఎన్ఏ రెంటిలోనూ ఇంచుమించు ఒకటే. ఆక్సిన్ కణాల గోడని వదులు చేసింది, కణాలు నీళ్ళు తాగి సాగాయి. పాలల్లో నీళ్ళు కలిపితే వెన్న తగ్గిందనుకున్నట్టుంది మా తెలివి.

అలాగని ఆక్సిన్‌కీ డీఎన్ఏకీ సంబంధం లేదనుకోకండి. అదే పెసర మొలకని వేరు కోసేసి, అడుగుభాగం ఆక్సిన్‌లో కొంతసేపు ముంచి, తర్వాత నీళ్ళలో నిలబెట్టండి. కొన్ని రోజులకి కాడ చుట్టూ తెల్లటి వేళ్ళు పొడుచుకొస్తాయి. ఆ వేరు రావాలంటే లోపలి కణాలు డీఎన్ఏని రెండింతలు చేసుకుని విభజన చెందాల్సిందే. కలుపుమందు 2,4-డి కూడా ఆక్సిన్ జాతిదే. ఎక్కువ మోతాదులో పడితే సోయా మొలక కాడలో ఎదుగుదల ఆగిన కణాలు కూడా మళ్ళీ విభజనకి దిగుతాయి, కాడ ఉబ్బిపోతుంది. అక్కడ డీఎన్ఏ నిజంగానే పెరుగుతుంది. పొగాకు కాడ గుజ్జు తీరు వేరు: ఆక్సిన్ ఒక్కటే ఇస్తే కణాలు ఉబ్బుతాయి గానీ విభజన సాగదు, కణవిభజన చేయించే కైనెటిన్ అనే పదార్థం తోడు కావాలి. ఆ కైనెటిన్ 1955లో దొరికింది ఎక్కడనుకున్నారు? పాతబడిన హెర్రింగ్ చేప వీర్యపు డీఎన్ఏలో!

ఇక జిబ్బరెలిన్ టానిక్కులు. ఇదీ కాడని సాగదీసే మొక్కల హార్మోనే. పీలేరులో మా బావ టమాటా నారుకి ఏదో సీసా కొట్టాడు. "చూడన్నా, నారు ఎట్లా సాగిందో" అని అంగడాయన ఒకటే పొగడ్త. సాగింది, నిజమే. నాటిన మూడో రోజు సగం నారు మడిలో పడుకుంది. మళ్ళీ నారు కొన్నాడు, అదే అంగట్లో, అప్పు మీద.