కుంచె సందేహాలు: దానిమ్మ గింజ ఎర్రగా మెరవాలంటే

ప్రశ్న: ఇంగ్లిష్ చిత్రకారుడు రోసెట్టి వేసిన ‘ప్రోసర్పైన్’ (దానిమ్మ పట్టుకున్న పాతాళ రాణి) బొమ్మను ఆయిల్ రంగుల్లో చూసి వేస్తున్నాను. చేర్యాల నకాషీ చిత్రకారుల లెక్క బట్టకు సుద్దమట్టి, చింతగింజల జిగురు పూసి మొదలుపెట్టిన. ఆకుపచ్చ గౌను మాడినట్టయింది, ముఖం సున్నం కొట్టినట్టుంది. ఎక్కడ తప్పింది?
– పాఠకురాలు, హనుమకొండ

జవాబు: చేర్యాల పూత నీటి రంగుల కోసం పుట్టింది. ఆయిల్ రంగు పడగానే సుద్ద అందులోని నూనెను పీల్చేస్తుంది. గౌను మాడలేదు, ఇంకిపోయింది. బాగా ఆరాక అవిసె నూనె, టర్పెంటైన్ సమపాళ్లలో కలిపి రెండు చుక్కలు మెత్తటి బట్టతో రుద్దండి, మిగిలింది తుడిచేయండి. లోతు తిరిగొస్తుంది. ఈసారి ప్లైవుడ్ మీద జెస్సో (రంగు కింద వేసే తెల్లపూత) రెండు మూడు పూతలు వేసుకోండి. సుద్దపూత మీద ఆయిల్ వేసిన బట్టను చుడితే పగుళ్లు ఖాయం.

ముఖానిది వేరే తప్పు. నీడలోనూ టైటానియం తెలుపు కలిపారు. నీడల్లో తెలుపు మానేసి, రంగు పల్చగా పరవండి; అడుగు తెలుపే వెలుగునివ్వాలి.

దానిమ్మ చీలికకు మాత్రం రోసెట్టి తోటి చిత్రకారులు మిలే, హంట్ 1850 ప్రాంతంలో వాడిన తడి తెలుపు పద్ధతి పట్టండి. (రోసెట్టి 1874 నాటి ఈ బొమ్మను అలాగే వేశాడని అనుకోకండి.) ఆరిన తెల్ల పూత మీద, ఆ పూట పూర్తి చేయగలిగినంత మేరకే, అంటే రూపాయి బిళ్లంత చోట, తెల్లరంగు పల్చగా పూసి వేలితో తట్టి చదును చేయండి. తడి మీదే సన్నకుంచెతో అలిజరిన్ క్రిమ్సన్ (ముదురు ఎరుపు) ఒక్క గీత పెట్టి కుంచె లేపేయాలి. అక్కడే రెండోసారి తిప్పారా, అడుగు తెలుపు లేచి ఎరుపు కాస్తా రోజారంగవుతుంది. మన ఎండల్లో తెలుపు త్వరగా బిగుస్తుంది, పొద్దున్నే కూర్చోండి. ఎదురుగా పెట్టుకున్న పండును కూడా అప్పుడప్పుడే కోయండి, లోపలి తెల్లపొర కాసేపట్లోనే గోధుమరంగుకు తిరుగుతుంది.

ప్రశ్న: అదే బొమ్మలో తల వెనక గోడ మీది వెలుతురు మచ్చ తీసేస్తే నష్టమా?
– పాఠకుడు, కరీంనగర్

జవాబు: కథే పోతుంది. పాతాళంలో దానిమ్మ గింజలు తిన్నందుకు ప్రోసర్పైన్ ఏటా కొంతకాలం అక్కడే ఉండాలి. ఆ మచ్చ క్షణంపాటు తెరుచుకున్న పైలోకపు వెలుగు. అందుకే ఒక చేత్తో పండు పట్టుకుని, రెండో చేత్తో ఆ మణికట్టునే బిగించింది. మచ్చను పసుపుపచ్చ ఎండలా వేయకండి. బూడిదరంగులో చిటికెడు నీలం చాలు, అంచులు మెత్తగా వదలండి.