నిజం చెప్పమని తను అడుగుతోంది, చెప్పొద్దని ఇంట్లోవాళ్లు అంటున్నారు

ప్రశ్న: నా వయసు 47. మాది రాజమండ్రి. ఇంటర్ నుంచి ప్రాణంగా ఉన్న స్నేహితురాలికి అండాశయ క్యాన్సర్, మూడో స్టేజీ అన్నారు. హైదరాబాదులో రెండు కీమోలు అయ్యాయి. తనకు మాత్రం "కడుపులో గడ్డ, మందులతో కరిగిస్తున్నారు" అని చెప్పారు. నోరు జారొద్దని వాళ్లాయన నా దగ్గర మాట తీసుకున్నారు. పోయిన వారం తను నా చెయ్యి పట్టుకుని "నువ్వైనా చెప్పవే, ఇది క్యాన్సరేనా?" అంది. ఫోనొచ్చిందని లేచి వచ్చేశాను. మళ్లీ వెళ్లే ధైర్యం రావడం లేదు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, మిమ్మల్ని అలా అడిగిందంటే ఆమెకు చాలావరకు తెలిసిపోయినట్టే. మూడు వారాలకోసారి అంత దూరం తీసుకెళ్లి సెలైన్లు ఎక్కిస్తున్నారు. దువ్వితే జుట్టు కుచ్చులుగా ఊడొస్తోంది. పక్క మంచం మీదావిడ తన జబ్బు పేరు చెప్పుకుంటూనే ఉంటుంది. ఇక గడ్డ అన్న మాట ఎన్నాళ్లు నిలుస్తుంది? తన భయం గురించి మాట్లాడుకోవడానికి ఒక మనిషి దొరుకుతుందేమోనని మీ వైపు చూసింది.

వాళ్లాయన మీద కోపం తెచ్చుకోకండి. తెలిస్తే బెంగతో తిండి మానేస్తుందని ఆయన భయం. మన ఇళ్లలో ఎంతోమంది ప్రేమకొద్దీ చేసే పనే ఇది. కానీ దానివల్ల ఆమె ఒంటరిదైపోతోంది. అందరూ గుమ్మం దగ్గర కళ్లు తుడుచుకుని లోపలికొస్తారు, ఫోన్లు బయటికెళ్లి మాట్లాడతారు. వాళ్లు బాధపడతారని ఆమె కూడా ఏమీ తెలియనట్టు ఉండిపోతుంది. పైగా ఈ జబ్బులో చాలామందికి కొన్ని కీమోల తర్వాత ఆపరేషన్ చేసి, మిగతా కీమోలు ఆ తర్వాత ఇస్తారు. అంత పెద్ద ఆపరేషన్ ఎందుకో తెలియకుండా సంతకం పెట్టమనడం నాకు న్యాయంగా అనిపించదు.

అందుకని ఆమెతో అబద్ధం చెప్పకండి. అలాగని రిపోర్టు చదివినట్టు అంతా మీరే చెప్పేయకండి. ముందు వాళ్లాయనతో మాట్లాడండి. "అన్నయ్యా, తను నన్ను సూటిగా అడిగింది. నా అంతట నేను ఆ మాట ఎత్తను. మళ్లీ అడిగితే మాత్రం కాదనలేను. డాక్టరు గారి దగ్గర కూర్చోబెట్టి చెప్పిద్దాం" అనండి. అనుభవమున్న డాక్టర్లు "మీకు ఎంతవరకు తెలుసుకోవాలని ఉందమ్మా?" అని ముందు అడిగి, ఆమె చాలన్నచోట ఆగుతారు. కొందరు అన్నీ చెప్పమంటారు, కొందరు "మా ఆయనకు చెప్పండి చాలు" అంటారు. ఏదైనా సరే, ఆ మాట ఆమె నోటినుంచి రావాలి. ఈ రకం క్యాన్సర్ చాలామందిలో మొదటి కీమోలకు బాగానే లొంగుతుంది. అదీ నిజమే కాబట్టి, దాన్నీ డాక్టరు నోటే విననివ్వండి. స్టేజీ, ఎన్నేళ్లు అన్నవాటి జోలికి మీరు పోకండి.

ఈలోగా తను మళ్లీ అడిగితే? "నీకేమనిపిస్తోంది?" అని అడిగి ఊరుకోండి. ఆ నిశ్శబ్దం కష్టంగానే ఉంటుంది, అయినా మీరు నింపకండి. "క్యాన్సరే కదూ" అని తనే అంటే, "అవునే. డాక్టరు గారిని కలిసి అడుగుదాం, నేనూ వస్తాను" అనండి. "నీకేం కాదు" అనొద్దు. ఏడుపొస్తే ఇద్దరూ ఏడవండి.

ఈ వారమే వెళ్లండి. "ఆ రోజు భయమేసి వెళ్లిపోయాను" అంటే చాలు, తనకు అర్థమవుతుంది.

ఇక "ఏం కావాలన్నా అడుగు" అని వచ్చేయడం వల్ల లాభం లేదు, ఎవరూ అడగరు. ఒక పని మీదిగా పెట్టుకోండి. కీమో తర్వాత మూడు నాలుగు రోజులు చాలామందికి పోపు వాసనకే వాంతి వస్తుంది. ఆ రోజుల్లో వంట మీ ఇంట్లో చేసి పంపండి, ఏం తినగలదో తననే అడిగి. మీకు జలుబుంటే మాత్రం వెళ్లకండి. ఇంట్లో థర్మామీటరు లేకపోతే కొనివ్వండి. కీమో నడుస్తున్నన్నాళ్లూ జ్వరం 100.4 డిగ్రీలు దాటితే అర్ధరాత్రయినా ఆసుపత్రికి ఫోన్ చేసి బయల్దేరాల్సిందే. పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దాం అనుకోకూడదు. ఈ సంగతి వాళ్ల పిల్లలకు కూడా చెప్పి ఉంచండి. రైల్లో వెళ్తుంటే, ఆసుపత్రి ఇచ్చే సర్టిఫికెట్‌తో క్యాన్సర్ రోగికీ తోడు వెళ్లేవారికీ ఛార్జీలో పెద్ద రాయితీ ఉంటుంది. వాళ్లు తీసుకుంటున్నారో లేదో కనుక్కోండి.

మీ దుఃఖం చెప్పుకోవడానికి మీకూ ఒకరు కావాలి. ఆ బరువు తన మీదా, వాళ్లాయన మీదా పెట్టకుండా మీవారితోనో అక్కచెల్లెళ్లతోనో చెప్పుకోండి. రాత్రిళ్లు నిద్ర పట్టకపోతే 14416కు, అంటే మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్‌కు, ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. వాళ్లాయన ఏమన్నారో నాకు రాయండి. ఒప్పుకోకపోతే తర్వాత ఏం చేయాలో ఆలోచిద్దాం.